చర్చ: సార్జెంట్ శ్రైవర్ జీవితాన్ని న్యాయవాది జీవితం అనవచ్చా?

గౌతమీతీరం

సభ్యులకు నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో ముప్పై ఏళ్లకు పైగా ప్రాక్టీసు చేస్తున్నాను. మా బార్‌లో కొత్తగా చేరిన జూనియర్లకు ఏడాదికొకసారి ఒక న్యాయవాది జీవితాన్ని పరిచయం చేయడం నాకు అలవాటు. ఈసారి అమెరికాకు చెందిన రాబర్ట్ సార్జెంట్ శ్రైవర్ గురించి మాట్లాడదామనుకున్నాను. ఆ మాట చెప్పగానే తోటి ప్లీడరు ఒకరు "ఆయన కోర్టులో ఎన్నాళ్లు నిలబడ్డారని న్యాయవాదుల వరుసలో చేరుస్తున్నారు?" అని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అందుకే ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

తెలియనివారి కోసం కొద్దిగా చెబుతాను. శ్రైవర్ 1915 నవంబరు 9న మేరీల్యాండ్ రాష్ట్రంలోని వెస్ట్‌మినిస్టర్‌లో పుట్టారు. 1929 నాటి ఆర్థిక పతనంలో తండ్రి ఆస్తి కరిగిపోయింది. యేల్ విశ్వవిద్యాలయంలో 1938లో పట్టా, 1941లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. నౌకాదళ రిజర్వు అధికారిగా రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి గాయపడ్డారు. తిరిగి వచ్చాక న్యూయార్క్‌లో ఒక న్యాయ సంస్థలో కొద్ది నెలలు మాత్రమే పనిచేసి, పత్రికారంగంలోకి, అక్కడి నుంచి చికాగో వ్యాపార నిర్వహణలోకి వెళ్లారు. 1955 నుంచి 1960 వరకు చికాగో విద్యా మండలికి అధ్యక్షులుగా ఉన్నారు. 1961లో అమెరికా వాలంటీర్లను ఇతర దేశాలకు సేవకు పంపే పీస్ కోర్ అనే సంస్థను నిర్మించారు, 1964లో పేదరిక నిర్మూలన కార్యక్రమానికి సారథ్యం వహించారు. తర్వాత ఫ్రాన్సులో రాయబారిగా ఉన్నారు, ఎన్నికల్లో ఓడిపోయారు, 1971 నుంచి 1986 వరకు ఒక పెద్ద న్యాయ సంస్థలో భాగస్వామిగా ఉన్నారు. చివరి దశాబ్దాలు మేధోవైకల్యం గలవారి క్రీడోద్యమమైన స్పెషల్ ఒలింపిక్స్‌కు ఇచ్చారు. 2011 జనవరి 18న 95వ ఏట కన్నుమూశారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆయన వాదించి గెలిచిన కేసుల జాబితా ఎవరూ చెప్పలేరు. అయితే వకీలును పెట్టుకోలేని మనిషి ముంగిటికి వకీలును పంపే ఏర్పాటు ఆయన కార్యాలయంలో పుట్టింది. దాన్ని న్యాయవాది పని అనకపోతే మరేమనాలో నాకు తెలియడం లేదు. మీరు ఏకీభవించకపోతే నిర్మొహమాటంగా రాయండి.

విశాఖనౌక

గౌతమీతీరం గారూ, మీరు ఒక్క వాక్యంలో దాటేసిన నౌకాదళ సేవ గురించి నేను కొంచెం నిలిచి మాట్లాడతాను. నేను నౌకాదళంలో పెటీ ఆఫీసర్‌గా పనిచేసి రిటైరై విశాఖలో స్థిరపడ్డవాణ్ని. రిజర్వు అంటే ఖాళీ ఉన్నప్పుడు యూనిఫాం వేసుకునే సరదా అని మనలో చాలామంది అనుకుంటారు. అది పొరపాటు.

అమెరికా నౌకాదళ రిజర్వు 1915 మార్చిలో ఏర్పడింది, అంటే శ్రైవర్ పుట్టిన సంవత్సరంలోనే. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆ దేశ నౌకాదళంలో పనిచేసినవారిలో అత్యధికులు ఈ రిజర్వువారే. న్యాయవాదులు, ఉపాధ్యాయులు, ఇంజినీర్లు, అప్పుడే కాలేజీ ముగించిన కుర్రవాళ్లు కొద్ది నెలల శిక్షణతో అధికారులై సముద్రం మీదికి వెళ్లారు. తర్వాతి కాలంలో అధ్యక్షులైన కెనెడీ, జాన్సన్, నిక్సన్, ఫోర్డ్, పెద్ద బుష్ ఐదుగురూ నౌకాదళ రిజర్వు అధికారులే. వారిలో కెనెడీ దగ్గరా, జాన్సన్ దగ్గరా శ్రైవర్ పనిచేశారు.

ఇక ఆయన ఉన్న నౌక సంగతి. సౌత్ డకోటా అనే ఆ యుద్ధనౌక 1942 అక్టోబరు 26న శాంతాక్రూజ్ పోరులో విమానాల దాడిని ఎదుర్కొంది. ఆ తర్వాత మూడు వారాలైనా గడవకుండానే, నవంబరు 14 అర్ధరాత్రి, పసిఫిక్ సముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవి దగ్గరి ఇరుకు జలాల్లో జపాను నౌకల ఎదుట పడింది. వాషింగ్టన్ అనే మరో యుద్ధనౌక, నాలుగు విధ్వంసక నౌకలు దాని వెంట ఉన్నాయి. సరిగ్గా పోరు మొదలయ్యే వేళకు సౌత్ డకోటాలో విద్యుత్ సరఫరా తెగిపోయింది. రాడార్ పనిచేయదు, ఫిరంగులు కదలవు, చుట్టూ చీకటి. ఆ స్థితిలో శత్రువుల సెర్చ్‌లైట్లు దాని మీద పడ్డాయి. ఇరవైకి పైగా గుండ్లు నౌక పైభాగాన్ని చీల్చాయి. దాదాపు 40 మంది చనిపోయారు, సుమారు 60 మంది గాయపడ్డారు. శత్రువు దృష్టంతా సౌత్ డకోటా మీద ఉండగా వాషింగ్టన్ దగ్గరికి చేరి జపాను యుద్ధనౌక కిరిషిమాను ముంచేసింది. గుండు తునకలు తగిలి గాయపడ్డవారిలో శ్రైవర్ ఒకరు. ఆయనకు పర్పుల్ హార్ట్ పతకం ఆ గాయానికే దక్కింది.

వయసు దాచి చేరిన కాల్విన్ గ్రాహమ్ అనే పన్నెండేళ్ల బాలుడు కూడా ఆ రాత్రి అదే నౌకలో ఉన్నాడు. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి ఆ పోరు గురించి చదివినప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

శ్రైవర్ సుమారు ఐదేళ్లు క్రియాశీల సేవలో ఉండి లెఫ్టినెంట్ కమాండర్ హోదాతో బయటికి వచ్చారు. నౌకలో పనిచేసినవారికి ఒక విషయం బాగా తెలుస్తుంది. కరెంటు పోయినప్పుడు మీ పక్కనున్నవాడి కులం, చదువు, ఆస్తి ఎవరికీ గుర్తుకు రావు. ఆయన తర్వాతి జీవితానికి విత్తనం అక్కడ పడిందని నా నమ్మకం. దానికి రుజువు చూపలేను.

జూనియర్ వకీలు

పెద్దలందరికీ నమస్కారం. నేను హనుమకొండలో రెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. నా అజ్ఞానాన్ని మన్నించి ఒక సందేహం తీర్చండి. సైన్యంలో సార్జెంట్ అంటే కింది హోదా కదా, లెఫ్టినెంట్ కమాండర్ అయిన మనిషిని జీవితాంతం సార్జెంట్ అని ఎందుకు పిలిచారు?

గౌతమీతీరం

అది హోదా కాదు, ఆయన పేరులోని భాగమే. తండ్రి పేరు కూడా రాబర్ట్ సార్జెంట్ శ్రైవరే. దగ్గరివారు ఆయనను "సార్జ్" అని పిలిచేవారు. మీరు అడిగినందుకు సంతోషం, నేను మాట్లాడే రోజున మా జూనియర్లకూ ఇదే సందేహం వస్తుంది.

సత్యాన్వేషి

గౌతమీతీరం గారు నిర్మొహమాటంగా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. శ్రైవర్ అంటే నాకు గౌరవం ఉంది. అయితే ఆయనను మచ్చలేని మనిషిగా పిల్లల ముందు నిలబెట్టడం సరికాదని నా అభిప్రాయం.

మొదటి విషయం. యేల్‌లో చదివే రోజుల్లో అమెరికా యుద్ధంలోకి దిగకూడదని ప్రచారం చేసిన అమెరికా ఫస్ట్ కమిటీ తొలి సభ్యుల్లో ఈయన ఉన్నారు. ఆ కమిటీ హిట్లర్ ముప్పును తక్కువగా అంచనా వేసిందని చరిత్ర తేల్చింది.

రెండో విషయం. యుద్ధం తర్వాత ఆయనకు దొరికిన దారంతా కెనెడీ కుటుంబం ఇచ్చినదే. పెద్దకొడుకు జో యుద్ధంలో చనిపోతే అతని రాతలను చూసిపెట్టమని జోసెఫ్ కెనెడీ ఆయనను పిలిచారు. తర్వాత చికాగోలోని తన మర్చండైజ్ మార్ట్ భవనం నిర్వహణలోకి తీసుకున్నారు. 1953 మే 23న కూతురు యూనిస్‌తో పెళ్లి జరిగింది. 1961లో బావమరిది దేశాధ్యక్షుడయ్యారు. ఈ వరుస చూస్తే, మామూలు ఇంట్లో పుట్టిన న్యాయవాదికి ఈ జీవితాన్ని ఆదర్శంగా చూపడం వల్ల ప్రయోజనం ఏమిటనే ప్రశ్న వస్తుంది. మా ఊరి కోర్టులో ఉదయం పది గంటలకు చెట్టు కింద కక్షిదారుల కోసం ఎదురుచూసే జూనియర్‌కు ఏ జోసెఫ్ కెనెడీ ఉన్నాడు?

విశాఖనౌక

సత్యాన్వేషి గారి మొదటి అభ్యంతరం వాస్తవమే, కాదనను. అయితే దాని రెండో సగం కూడా చెప్పాలి. యుద్ధం వద్దని వాదించిన ఆ యువకుడు పెర్ల్ హార్బర్ మీద దాడి జరగక ముందే నౌకాదళంలో చేరాడు. దేశం యుద్ధంలోకి వెళ్లకూడదని తాను నమ్మినా, వెళ్తే ముందు తాను ఉండాలనుకున్నాడు. తన అభిప్రాయం తప్పని ఒప్పుకోవడానికి ఒక మాట చాలు. ఆయన ఒంటి మీద గాయం పడేదాకా నిలబడ్డారు.

మేరీల్యాండ్ తెలుగు

నేను ఇరవై ఏళ్లుగా బాల్టిమోర్ దగ్గర ఉంటున్నాను. వెస్ట్‌మినిస్టర్ మా ఇంటికి గంట దూరంలోపే. ఆ ఊరికి ఉత్తరాన యూనియన్ మిల్స్ అనే చోట శ్రైవర్ల పూర్వీకులైన అన్నదమ్ములు 1797లో కట్టిన ఇల్లు, పిండిమర ఇప్పటికీ ఉన్నాయి, చూడనిస్తారు. అమెరికా అంతర్యుద్ధంలో, 1863లో గెటిస్‌బర్గ్ పోరుకు వెళ్తూ మొదట దక్షిణాది సేన, దాని వెనకే ఉత్తరాది సేన ఆ ఇంటి దగ్గర ఆగాయి. దారికి అటూ ఇటూ ఉన్న శ్రైవర్ కుటుంబాల్లో ఒకటి ఒక పక్షాన, మరొకటి రెండో పక్షాన నిలిచాయి. ఇంటిని చూపించే ఆవిడ ఈ కథ చెబుతుంటే మా పిల్లలు మనవైపు పాలివాళ్ల తగాదాలను గుర్తుచేసుకున్నారు.

సత్యాన్వేషి గారన్న కెనెడీ సంబంధం గురించి నాదొక మాట. ఆ సంబంధం ఆయనకు తలుపులు తెరిచింది, నిజమే. అయితే అదే సంబంధం కొన్ని తలుపులు మూసింది కూడా. ఇంటి అల్లుడు కాబట్టి ఇంటి కొడుకుల తర్వాతే నిలబడాలి. 1968లో బావమరిది రాబర్ట్ అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నప్పుడు ఈయన జాన్సన్ ప్రభుత్వ రాయబారిగా పారిస్‌లో ఉన్నారు. ఆ ఇబ్బంది ఎంతటిదో మన కుటుంబాల్లో అల్లుళ్లుగా ఉన్నవారిని అడిగితే చెబుతారు. 1972లో డెమొక్రాటిక్ పార్టీ మొదట ఎంచుకున్న ఈగల్టన్ తప్పుకున్నాక ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలబడితే, వారి పార్టీకి దక్కింది మసాచుసెట్స్, రాజధాని వాషింగ్టన్ మాత్రమే. 1976లో స్వయంగా అధ్యక్ష పదవికి ప్రయత్నించి తొందరగానే విరమించుకున్నారు. పదవుల లెక్క తీస్తే ఆయన ఓడిన మనిషే.

చరిత్ర పుటలు

నేను చరిత్ర ఉపాధ్యాయుణ్ని. పీస్ కోర్ గురించి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి ఆ భాగం నేను చెబుతాను. దానికి ముందు ఒక చిన్న సంఘటన.

1960 అక్టోబరులో మార్టిన్ లూథర్ కింగ్‌ను జార్జియాలో ఒక ట్రాఫిక్ కేసు పాత షరతు సాకుగా జైల్లో పెట్టారు. గర్భవతిగా ఉన్న ఆయన భార్య కొరెట్టా కింగ్ భయంతో ఉన్నారు. అధ్యక్ష ఎన్నికకు రెండు వారాలే ఉంది. కెనెడీ ఆమెకు ఫోన్ చేస్తే బాగుంటుందని హారిస్ వాఫర్డ్ అనే న్యాయవాది తలచారు. ఆ మాట కెనెడీ చెవిన వేసినవారు శ్రైవర్. చికాగో విమానాశ్రయం దగ్గరి గదిలో సలహాదారులందరూ బయటికి వెళ్లేదాకా ఆగి, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పారు. అందరిలో చెబితే దక్షిణాది ఓట్లు పోతాయని ఎవరో ఒకరు అడ్డుపడతారని ఆయనకు తెలుసు. కెనెడీ అక్కడికక్కడే ఫోన్ చేశారు. శ్రైవర్ అంతకుముందే చికాగోలో కాథలిక్ జాతుల సామరస్య మండలికి అధ్యక్షులుగా పనిచేసినవారు, కాబట్టి ఇది ఎన్నికల కోసం పుట్టిన ఆలోచన కాదు.

ఇక పీస్ కోర్. 1961 మార్చి 1న కెనెడీ ఉత్తర్వుతో అది మొదలైంది, సెప్టెంబరు 22న చట్టమైంది. ఆ మధ్యలో, చట్టం రాకముందే, ఆగస్టు చివరికల్లా తొలి బృందం ఘనాలో దిగింది. ఆరు నెలల్లో ఒక సంస్థను ఊహించి, నియమాలు రాసి, దేశదేశాల నాయకులను ఒప్పించి, పార్లమెంటు సభ్యులను ఒక్కొక్కరినే కలిసి మాట్లాడిన మనిషి శ్రైవర్. వాలంటీర్లు రెండేళ్లు ఉండాలి, స్థానిక భాష నేర్చుకోవాలి, ఆ ఊరివాళ్లు బతికినట్లే బతకాలి. సేవ ముగిశాక చేతికి వచ్చేలా నెలకు 75 డాలర్లు జమచేసేవారు. 1966 నాటికి పదిహేను వేల మంది పనిలో ఉన్నారు.

1961లో ఆయన ఢిల్లీ వచ్చి నెహ్రూను కలిశారు. నెహ్రూ అంగీకరించారు. అయితే ఆ యువకులు మా దగ్గర నుంచి నేర్చుకునేది చాలా ఉంటుందనీ, వాళ్లు తిరిగి వెళ్లేనాటికి పంజాబు ఇంచుమించు ఎప్పటిలాగే ఉంటే నిరాశపడవద్దనీ సున్నితంగా చెప్పారు. ఆ ఏడాది చివర్లో తొలి బృందం పంజాబుకే వచ్చింది. 1976 వరకు మన దేశంలో వాలంటీర్లు పనిచేశారు. తర్వాత అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ 68 ఏళ్ల వయసులో బొంబాయి దగ్గరి విక్రోలీకి నర్సుగా వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవారు తెలుగు నేర్చుకునే వచ్చారు. మా నాన్నగారి చిన్నతనంలో పక్క ఊళ్లో ఒక అమెరికా కుర్రవాడు కోళ్ల గూళ్లు కట్టడం నేర్పేవాడట. అతను "ఏమండీ, బాగున్నారా" అంటే వినడానికే పిల్లలు వెంటపడేవారని నాన్నగారు ఎప్పుడూ చెబుతారు.

సత్యాన్వేషి

చరిత్ర పుటలు గారూ, పీస్ కోర్ ప్రచ్ఛన్న యుద్ధం నాటి సాధనం అన్న సంగతి వదిలేశారు. సోవియట్ పలుకుబడికి ఎదురుగా అమెరికాకు మంచిపేరు తేవడం కూడా దాని ఉద్దేశాల్లో ఒకటి.

చరిత్ర పుటలు

వదిలేయలేదు, మీరు అడుగుతారని తెలుసు. ఆ ఉద్దేశం ఉందన్నది నిజం. అందుకే శ్రైవర్ ఒక షరతు పట్టుబట్టి సాధించారు. గూఢచారి సంస్థ సిఐఎ తన మనుషులను పీస్ కోర్‌లోకి చొప్పించకూడదని కెనెడీ నుంచి హామీ తీసుకున్నారు. మరో నియమం కూడా ఉంది. సిబ్బంది ఎవరూ అయిదేళ్లకు మించి ఆ ఉద్యోగంలో ఉండకూడదు. ఇందులో నాకు న్యాయవాది మనసు కనిపిస్తుంది. మనుషులు మంచివాళ్లే అయినా, వాళ్ల మంచితనం మీద భారం వేయకుండా నియమం రాసిపెట్టారు.

జూనియర్ వకీలు

ఇంతవరకు చదువుతూ ఉన్నాను. ఇప్పుడు నాకు తెలిసిన భాగం వచ్చింది కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నేను మా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉన్నాను. ఈ విషయం నాకు రోజువారీ పని.

1964 జనవరిలో జాన్సన్ పేదరికం మీద యుద్ధం ప్రకటించారు. ఫిబ్రవరి 1న శ్రైవర్‌కు ఆ పని అప్పగించారు. పీస్ కోర్ బాధ్యత ఉండగానే ఇదీ మీద పడింది, రెండేళ్లపాటు రెండు కార్యాలయాలూ నడిపారు. ఆగస్టు 20న ఆర్థిక అవకాశాల చట్టం వచ్చింది. ఆ చట్టంలో న్యాయ సహాయం అన్న మాట లేదు. అప్పటిదాకా అమెరికాలో పేదలకు సివిల్ వ్యవహారాల్లో న్యాయ సహాయమంటే కొన్ని నగరాల్లోని దానధర్మ సంఘాల పనే. ఇల్లు ఖాళీ చేయమన్నా, పింఛను ఆపేసినా, వాయిదా వ్యాపారి మోసం చేసినా బీదవాడు నోరు మూసుకోవలసిందే.

అదే ఏడాది యేల్ న్యాయ పత్రికలో ఎడ్గర్ కాన్, జీన్ కాన్ దంపతులు ఒక వ్యాసం రాశారు. ఆయన తెల్లజాతివారు, ఆమె నల్లజాతి న్యాయవాది. పేదరికం మీద యుద్ధాన్ని పైనుంచి అధికారులు నడిపితే, ఆ అధికారులనే ప్రశ్నించే శక్తి పేదలకు ఎవరిస్తారు, పేటలోనే ఒక న్యాయ కార్యాలయం ఉండాలి అన్నది వారి వాదన. ఆ వ్యాసం శ్రైవర్‌ను కదిలించింది. ఆలోచించండి, తన కార్యక్రమాన్నే కోర్టుకు లాగగల వకీళ్లను తన డబ్బుతోనే నియమించడానికి సిద్ధపడ్డారు! ఏ అధికారి ఆ పని చేస్తాడు? నా చిన్న అనుభవంలో అధికారికి నోటీసు ఇస్తేనే ముఖం మాడ్చుకుంటారు.

1965 ఫిబ్రవరిలో అమెరికన్ బార్ అసోసియేషన్ మద్దతు తెలిపింది. అప్పటి అధ్యక్షుడు లూయిస్ పావెల్ దక్షిణాది సంప్రదాయవాది, తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. తమ ఫీజులు పోతాయని ప్రైవేటు వకీళ్లు భయపడే రోజుల్లో ఆయనను ఒప్పించకుండా ఈ పథకం బతికేది కాదు. తొలి డైరెక్టరుగా క్లింటన్ బాంబర్గర్‌ను తెచ్చారు. నిందితుడికి మేలుచేసే ఆధారాన్ని ప్రాసిక్యూషన్ దాచకూడదని చెప్పిన ప్రసిద్ధ బ్రేడీ కేసు వాదించినది ఈయనే.

ఫలితం కోర్టుల్లో కనిపించింది. 1970లో గోల్డ్‌బర్గ్, కెల్లీ కేసులో, సంక్షేమ భృతిని ఆపే ముందు ఆ మనిషి మాట వినాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన దగ్గర రేషన్ కార్డు తీసేశారని, పింఛను ఆగిందని నా దగ్గరికి వచ్చే ముసలమ్మలు అడిగేది సరిగ్గా ఇదే: "నన్ను అడక్కుండా ఎట్ల తీసేసిన్రు బిడ్డా?" కాలిఫోర్నియా పొలాల్లో కూలీల పక్షాన నిలిచిన న్యాయ కార్యాలయానికి నిధులు ఇవ్వరాదని 1970లో గవర్నరు రీగన్ వీటో చేశారు. ఆ వీటో చివరికి నిలవలేదు. ఇలాంటి ఒత్తిళ్లకు అందకుండా 1974లో లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ అనే ప్రత్యేక సంస్థను చట్టం ద్వారా ఏర్పాటు చేశారు. ఆ చట్టం మీద సంతకం పెట్టినవారు నిక్సన్.

గౌతమీతీరం గారూ, మీ తోటి ప్లీడరు గారికి నా తరఫున చెప్పండి. శ్రైవర్ ఎన్ని వకాలతులు వేశారో లెక్కపెట్టనక్కరలేదు. ఆయన వల్ల ఎంతమంది వకాలతు మీద వేలిముద్ర వేయగలిగారో లెక్కపెట్టమనండి.

గౌతమీతీరం

జూనియర్ వకీలు గారూ, ఆ చివరి మాట నా ఉపన్యాసంలో వాడుకుంటాను, అనుమతించండి.

మన సంగతి కూడా ఒకటి జోడిస్తాను. న్యాయమూర్తి కృష్ణయ్యర్ అధ్యక్షతన 1973లో న్యాయ సహాయ నివేదిక వచ్చింది. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో ఉచిత న్యాయ సహాయం గురించిన 39ఎ అధికరణం చేరింది. 1987లో చేసిన న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. ఏటా ఆ తేదీనే మనం జాతీయ న్యాయ సేవల దినం జరుపుకొంటాం. శ్రైవర్ పుట్టినరోజు కూడా నవంబరు 9! ఇది కేవలం కాకతాళీయం, రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ తేదీ చూసినప్పుడు నా మనసు పులకించింది. నా ప్రసంగం ఆ రోజుకే పెట్టుకున్నాను.

సత్యాన్వేషి

న్యాయ సహాయం విషయంలో నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. జూనియర్ వకీలు గారు రాసినది నాకు తెలియదు. అయితే పేదరికం మీద యుద్ధంలో పేదరికమే గెలిచిందని అమెరికాలోనే తర్వాత చాలామంది అన్నారు. దీనికి సమాధానం ఏమిటి?

చరిత్ర పుటలు

లెక్క చెబుతాను. అమెరికా ప్రభుత్వ గణాంకాల ప్రకారం 1964లో పేదలు 19 శాతం, 1973లో 11.1 శాతం. ఇందులో ఆర్థికాభివృద్ధి వాటా ఉంది, వృద్ధుల పింఛన్ల పెంపు, ఆరోగ్య బీమా వాటా ఉంది. మొత్తం శ్రైవర్ ఖాతాలో వేయలేం. వియత్నాం యుద్ధానికి డబ్బు మళ్లడం వల్ల ఆయన కోరిన నిధులు రాలేదన్నది కూడా నిజమే. స్థానిక సంఘాలకు నేరుగా డబ్బిచ్చే పద్ధతి కొన్ని నగరాల్లో మేయర్లతో గొడవలకు, కొంత దుర్వినియోగానికి దారితీసింది. ఓడిన చోట్లు ఉన్నాయి. అయితే 1965 వేసవిలో ఎనిమిది వారాల ప్రయోగంగా 5 లక్షల 60 వేల మంది పిల్లలతో మొదలైన హెడ్ స్టార్ట్ బాల్యవిద్యా పథకం నేటికీ నడుస్తోంది.

చిన్ని వాళ్ల అమ్మ

ఈ చర్చలో ఇంతవరకు నేను మాట్లాడలేదు. మా చిన్నికి పందొమ్మిదేళ్లు, మేధోవైకల్యం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థకు పసితనంలో మొదటిసారి తీసుకెళ్లిన రోజు నుంచి మా జీవితం మారింది. అందుకే నాకు శ్రైవర్ పేరు కంటే ముందు యూనిస్ పేరు తెలుసు.

యూనిస్ అక్క రోజ్‌మేరీకి మేధోవైకల్యం ఉండేది. 1941లో చేసిన మెదడు శస్త్రచికిత్స ఆమెను ఇంకా నిస్సహాయురాలిని చేసింది. ఆ బాధ కుటుంబం చాలాకాలం బయటపెట్టలేదు. 1962 జూన్‌లో యూనిస్ మేరీల్యాండ్‌లోని తమ ఇంటి పెరట్లోనే ఇలాంటి పిల్లలకు వేసవి శిబిరం పెట్టారు. ఈత కొలను, గుర్రాలు, బంతులు, ఒక్కొక్క పిల్లకు తోడుగా ఒక్కొక్క హైస్కూలు విద్యార్థి. అలాంటి పిల్లలు నీళ్లలో దిగితే మునిగిపోతారని నిపుణులే భయపడే రోజులవి. ఆ శిబిరం నుంచే ఆలోచన పెరిగి 1968 జూలై 20న చికాగోలోని సోల్జర్ ఫీల్డ్ మైదానంలో మొదటి స్పెషల్ ఒలింపిక్స్ జరిగాయి. దాదాపు వెయ్యి మంది ఆటగాళ్లు వచ్చారు. చూడటానికి వచ్చినవాళ్లు ఎంతో తక్కువ.

హెడ్ స్టార్ట్ సంగతి పైన చెప్పారు కదా, దానికీ ఈ ఇంటికీ సంబంధం ఉంది. కెనెడీ కుటుంబ ఫౌండేషన్ సాయంతో టెనెసీ రాష్ట్రంలో సూసన్ గ్రే అనే మనస్తత్వవేత్త మేధోవైకల్యంపై చేసిన పనిని శ్రైవర్ దంపతులు చూశారు. తొలి ఏళ్లలో సరైన శ్రద్ధ దొరికితే వెనకబడిన పిల్లలు తేరుకుంటారని అక్కడ తెలిసింది. ఆ చూపుతోనే ఆయన పేదపిల్లలందరి గురించి ఆలోచించారు. పథకం రూపొందించిన నిపుణుల బృందానికి రాబర్ట్ కుక్ అనే పిల్లల వైద్యుణ్ని అధ్యక్షుణ్ని చేశారు. మా పిల్లల కోసం జరిగిన పని వల్ల అందరి పిల్లలకూ మేలు జరిగిందన్నమాట. ఇది నేను ఎప్పుడు చెప్పుకున్నా కళ్లు తడుస్తాయి.

ఆయన 1984లో స్పెషల్ ఒలింపిక్స్ అధ్యక్షులయ్యారు, 1990లో ఛైర్మన్. 1994లో ఆయనకు దేశ అత్యున్నత పౌర పతకం వచ్చింది. భార్యకు అదే పతకం పదేళ్ల ముందే వచ్చింది! 2003లో అల్జీమర్స్ వ్యాధి బయటపడ్డాక ఆయన ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు. పిల్లల పేర్లు కూడా మరచిపోయే స్థితి వచ్చింది. జ్ఞాపకం, మాట, లెక్క తగ్గిన మనుషులకు కూడా గౌరవం ఉండాలని జీవితమంతా పోరాడిన మనిషి చివరికి ఆ గౌరవం మీదే ఆధారపడి బతికారు.

మా చిన్ని పోయిన ఏడాది జిల్లా స్థాయి పోటీల్లో యాభై మీటర్ల పరుగులో పాల్గొంది. ముందు ఆటగాళ్లందరితో ప్రతిజ్ఞ చేయించారు: "నన్ను గెలవనివ్వు. గెలవలేకపోతే ధైర్యంగా ప్రయత్నించనివ్వు." చిన్ని ఆఖరిదిగా వచ్చింది, గీత దాటాక వెనక్కి తిరిగి ఇంకొకసారి పరిగెత్తింది.

సత్యాన్వేషి

అమ్మా, చిన్నికి నా ఆశీస్సులు. మామూలు జూనియర్‌కు ఈ జీవితం ఎలా పనికొస్తుందని మొదట అడిగాను. పెరట్లో శిబిరం పెట్టడానికి దేశాధ్యక్షుడి బంధువు కానక్కరలేదు కదా అనిపిస్తోంది.

గౌతమీతీరం

అందరికీ కృతజ్ఞతలు. విశాఖనౌక గారూ, ఒక్క విషయం మిగిలింది. ఆ సౌత్ డకోటా నౌక ఇప్పుడు ఎక్కడుంది? మ్యూజియంగా ఉంచారా? మా జూనియర్లకు ఫొటో చూపిద్దామని అడుగుతున్నాను.

విశాఖనౌక

లేదండీ, మ్యూజియంగా ఉంచలేదు. యుద్ధం ముగిశాక కొన్నాళ్లు రిజర్వులో నిలబెట్టి, 1962 అక్టోబరులో తుక్కు కింద అమ్మేశారు. చిన్ని వాళ్ల అమ్మగారు రాసిన శిబిరం మొదలైన సంవత్సరమే అది. సముద్రానికి ఎంతో దూరంగా, సౌత్ డకోటా రాష్ట్రంలో ఉన్న సూ ఫాల్స్ అనే ఊళ్లో, నౌక అంచును అదే కొలతతో నేల మీద కాంక్రీటుతో గీసి, మిగిలిన కొన్ని భాగాలను అందులో నిలబెట్టారు. ఫొటో దొరుకుతుంది, రేపు పంపుతాను.